మంచం పక్కన కుర్చీ

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ హెడ్ నర్సు జవాబులు

మే నెల వస్తే చాలు, నర్సులు అందరికీ గుర్తొస్తారు. 12వ తేదీ ఫ్లారెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కదా. 1820లో పుట్టిందావిడ. ఆ రోజు మా వార్డులో కొవ్వొత్తులు వెలిగించి కేకు కోసేవాళ్లం. ముక్క నోట్లో పెట్టుకునేలోపు క్యాజువాల్టీ నుంచి స్ట్రెచర్ వచ్చేది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఒక్క ఏడాదైనా ఆ కేకు కుదురుగా తిన్న గుర్తు లేదు నాకు. ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు నర్సుల చుట్టూనే తిరిగాయి. పొగడ్తలున్నాయి, తిట్లూ ఉన్నాయి. రెండూ వేస్తున్నాను.

ప్రశ్న: సిస్టర్ గారికి నమస్కారం. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. రోజూ పళ్ళెంలో సగం వదిలేసేవారు. ఆకలి లేదేమో అనుకుని బతిమాలేవాళ్లం, ఒక్కోసారి విసుక్కునేవాళ్లం కూడా. నాలుగో రోజు మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన నర్సు అమ్మాయి కాసేపు నిలబడి చూసింది. ఏమీ అనకుండా పళ్ళేన్ని ఇటుది అటు తిప్పింది. నాన్న మిగతా సగం కూడా తినేశారు! డిశ్చార్జి రోజు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. చీర పెడతామంటే 'వద్దండీ, మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఊరుకోరు' అంది. ఆ అమ్మాయి రుణం ఎలా తీర్చుకోవాలి?
— ఒక కూతురు, తెనాలి

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను తల్లీ. మెదడుకి కుడివైపు దెబ్బ తగిలితే కొందరికి ఎడమవైపు అనేది ఒకటి ఉందనే తెలియదు. కళ్లు బాగానే ఉంటాయి, మెదడే ఆ వైపుని లెక్కలోకి తీసుకోదు. ఎడమ చెంప వదిలేసి గడ్డం గీసుకుంటారు. ఎడమ కాలి చెప్పు మర్చిపోతారు. అటువైపు నుంచి పిలిస్తే పలకరు, మనవాళ్లు చెవుడు కూడా వచ్చిందంటారు. మీ నాన్నగారు సగం పళ్ళెం వదల్లేదమ్మా, ఆయనకి కనిపించిన పళ్ళెం మొత్తం తిన్నారు.

ఇది మా పుస్తకాల్లో ఉన్నదే, నర్సింగ్ చదివిన ప్రతివాళ్లూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. కానీ వార్డులో అన్ని పనులుండగా ఒక ముసలాయన అన్నం తింటుంటే రెండు నిమిషాలు నిలబడి చూసినవాళ్లు ఎందరు? 'రోగిని కనిపెట్టుకుని ఉండు' అంటాం మనం. దగ్గర కూర్చోమనే దానికి అర్థం అనుకుంటాం. కూర్చోవడం అందరూ చేస్తారు, ఫోను చూసుకుంటూ కూడా చేస్తారు. ఆ అమ్మాయి కనిపెట్టింది.

రుణం సంగతికొస్తే, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కీ ఒక్కో ఉత్తరం రాయండి. ఆ అమ్మాయి పేరు, వార్డు, తేదీ వెయ్యండి. 'బాగా చూసుకుంది' అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. పళ్ళెం తిప్పిన సంగతి రాయండి, వార్డంతా చెప్పుకుంటారు. ఫిర్యాదులు మాకు రోజూ వస్తాయి, ఇలాంటివి ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. నా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఒక ఇన్‌లాండ్ లెటరు ఉంది. టైఫాయిడ్‌తో నెల్లాళ్లు పడుకున్న ఒకావిడకి జుట్టు చిక్కులు పడి అట్టకట్టింది. కత్తిరించేద్దాం అన్నారందరూ. ఆవిడ మాత్రం జడ చేత్తో పట్టుకుని పడుకుంది. నేను డ్యూటీ దిగాక రోజూ ఇంత కొబ్బరినూనె రాసి, చివర్ల నుంచి విప్పుకుంటూ వచ్చాను. మూడు రోజులు పట్టింది. ఇంటికి వెళ్లాక వాళ్లబ్బాయి చేత ఉత్తరం రాయించింది. అర్ధరాత్రి లేచి నేనిచ్చిన ఇంజక్షన్ల ఊసే లేదందులో. జడ సంగతే రాసింది.

ఇంట్లో ఇంకో మాట. గ్లాసు, గంట, కళ్లజోడు లాంటి అవసరమైనవి నాన్నగారి కుడివైపే పెట్టండి. కబుర్లు చెప్పేటప్పుడు మాత్రం మెల్లమెల్లగా ఎడమవైపుకి జరిగి కూర్చోండి, తల అటు తిప్పడం అలవాటవుతుంది. పడిపోయిన చేతిని పట్టుకుని లేపకండి, భుజం కీలు జారుతుంది.

ప్రశ్న: అమ్మా, మా అత్తమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. అప్పటినుంచి మంచంలోనే. ఆసుపత్రిలో ఉన్న ఇరవై రోజులూ ఒంటి మీద మచ్చ పడలేదు. ఇంటికొచ్చిన రెండు వారాలకే నడుం కింద కందిపోయింది. గాలి పరుపు కొన్నాం, పౌడరు వేస్తున్నాం, నూనెతో రుద్దుతున్నాం. నేనేం తప్పు చేస్తున్నాను?
— ఒక కోడలు, జగిత్యాల

జవాబు: తప్పు నీది కాదమ్మా, గడియారానిది. ఆసుపత్రిలో రెండేసి గంటలకోసారి ఆవిడని తిప్పి ఉంటారు, రాత్రి రెండింటికి కూడా. నువ్వు నిద్రలో ఉండి చూసి ఉండవు. ఇంటికొచ్చాక గాలి పరుపు ఉంది కదా అన్న ధీమా వచ్చింది. పరుపు సాయం చేస్తుంది గానీ తిప్పే పని అది చెయ్యదు.

ఎముకకీ మంచానికీ మధ్య చర్మం నలిగి, అక్కడ రక్తం ఆడక పుండు పడుతుంది. వెన్ను చివర, తుంటి పక్కలు, మడమలు, మోచేతులు, తల వెనక, ఈ చోట్లన్నీ రోజూ వెలుతురులో చూడాలి. కందిన చోట వేలితో నొక్కి వదులు. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తం ఆడుతున్నట్టే. నొక్కినా అలాగే ఉంటే అది పుండుకి మొదటి మెట్టు. మన ఒంటిరంగుకి ఎరుపు సరిగ్గా తెలియదు, అందుకని చేతి వెనకవైపు ఆనించి చూడు. పక్క చర్మం కంటే వేడిగానో గట్టిగానో తగిలితే అనుమానించాల్సిందే.

ఇప్పుడు రుద్దడం గురించి. మా రోజుల్లో దీనికి 'బ్యాక్ కేర్' అని పేరు. స్పిరిట్ రాసి, పౌడరు కొట్టి, వీపు గట్టిగా రుద్దేవాళ్లం. నేనే వందల వీపులు రుద్దాను, రోగులు హాయిగా ఉందనేవాళ్లు. తర్వాత తెలిసింది, కందిన చోట రుద్దితే లోపలి సన్నటి రక్తనాళాలు ఇంకా దెబ్బతింటాయని, స్పిరిట్ చర్మాన్ని ఎండబెట్టేస్తుందని. మానేశాం. కాబట్టి ఏ పాత నర్సు చెప్పినా కందిన చోట రుద్దకు. పౌడరు చెమటతో కలిసి ముద్దకట్టి ఇసుకలా గీరుతుంది, అదీ వద్దు. మధ్యలో కంత ఉన్న గుండ్రటి దిండు కొనమంటారు ఎవరో ఒకరు. అది చుట్టూ నొక్కి మధ్యలోకి రక్తం రాకుండా చేస్తుంది, కొనకు.

తిప్పేటప్పుడు ఈడవకూడదు. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి నడుం కింద పరిచి ఉంచు. చెరో పక్కా ఒకరు నిలబడి చీర పట్టుకుని ఎత్తి జరపాలి. పూర్తిగా పక్కకి అక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి ఓ ముప్పై డిగ్రీలు వాలిస్తే చాలు. తుంటికి ఆపరేషనైంది కాబట్టి మోకాళ్ల మధ్య దిండు తప్పనిసరి, ఏ పక్కకి తిప్పొచ్చో ఆపరేషన్ చేసిన డాక్టర్ని అడుగు. పిక్కల కింద దిండు పొడుగ్గా పెట్టి మడమలు గాల్లో తేలేట్టు ఉంచు. దుప్పటి ముడతలు, బిస్కెట్ నలుసులు తియ్యి. మూత్రం తడి పది నిమిషాలు కూడా ఉండకూడదు. తిండిలో గుడ్డు, పప్పు, పెరుగు పెంచు. చర్మం చిట్లినా, నల్లబడినా, వాసన వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. గోడకి ఒక కాగితం అంటించి 'ఎడమ, వెల్లకిల, కుడి' అని గళ్లు గీసి, తిప్పినవాళ్లు టైము రాసి సంతకం పెట్టాలి. సంతకం ఉంటే ఎవరూ ఎగ్గొట్టరు.

ఎన్నాళ్లని ఇలా, అంటావా? ముంబైలో కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు నలభై ఏళ్లు దాటి చేశారు. అరుణా శాన్‌బాగ్ అక్కడే నర్సు. 1973 నవంబరు 27న ఆసుపత్రిలోనే పనిచేసేవాడు ఒకడు ఆమె మీద దాడి చేసి, కుక్కని కట్టే గొలుసు మెడకి బిగించాడు. మెదడుకి రక్తం అందక ఆమె మళ్లీ లేవలేదు. 2015 మే 18న పోయేదాకా ఆ ఆసుపత్రే ఆమె ఇల్లు. ఆమెని ప్రశాంతంగా పోనివ్వమని ఒక రచయిత్రి సుప్రీంకోర్టుకి వెళ్తే, 2011 మార్చి 7న కోర్టు ఒప్పుకోలేదు. ఆమెకి ఆప్తులెవరంటే కె.ఇ.ఎం. సిబ్బందే అంది. అన్నేళ్లు మంచంలో ఉన్న మనిషి ఒంటి మీద పడక పుండు లేదన్న సంగతి ఆ కేసులో ప్రత్యేకంగా ప్రస్తావనకొచ్చింది. తీర్పు వచ్చాక నర్సులు మిఠాయిలు పంచుకున్నారు. దాడి జరిగేనాటికి పుట్టనైనా పుట్టని అమ్మాయిలు ఆఖర్న ఆమెకి ఒళ్లు తుడిచారు. కోర్టు ఏమనాలి, ఆమెని ఉంచాలా పోనివ్వాలా అన్నది వేరే చర్చ, నా మనసు ఇప్పటికీ అటూ ఇటూ ఊగుతుంది. పుండు పడలేదన్న మాట దగ్గర మాత్రం నేను లేచి నిలబడతాను.

నీ మీద బరువు పెట్టడానికి చెప్పలేదమ్మా ఇది. వాళ్లు షిఫ్టుకి ఒకరు, నువ్వు ఇంటికంతా ఒక్కదానివి. అందుకని రాత్రి రెండింటి వంతు మీ ఆయనకి అప్పజెప్పు. అలారం ఆయన ఫోన్లోనే పెట్టు.

ప్రశ్న: మేడమ్, నేను నర్సింగ్ డిప్లొమా (జి.ఎన్.ఎం.) మూడో సంవత్సరం. మగవాళ్ల మెడికల్ వార్డులో పోస్టింగ్. నలభై మంచాలు, నైట్ డ్యూటీకి ఇద్దరం. మొదట్లో అందరితో మాట్లాడేదాన్ని. ఇప్పుడు మంచం నంబరుతోనే పిలుస్తున్నా. మొన్న తెల్లవారుజామున ఒక తాత చనిపోయాడు. నాకు ఏడుపు రాలేదు. డ్యూటీ దిగి హాస్టల్‌కి వెళ్లి నాలుగు ఇడ్లీలు తిన్నా. అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదు. నేను రాయినైపోతున్నానా?
— ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఇడ్లీలు తిన్నందుకు నిద్ర పట్టనిదానివి రాయివెలా అవుతావే పిచ్చిపిల్లా.

ఏడుపు లెక్కేసుకోకు. నా చేతుల్లో పోయినవాళ్లు వందల్లో ఉంటారు, నేను ఏడ్చింది మహా అయితే నాలుగుసార్లు. అందులో ఒకసారి ఏడుస్తూ కూర్చుని పక్క మంచానికి ఇన్సులిన్ అరగంట ఆలస్యం చేశాను. ఆ మంచం ఆయన ఏమీ అనలేదు, భోజనం కంచం ముందు పెట్టుకుని నాకోసం చూస్తూ కూర్చున్నాడంతే. కన్నీళ్లు మంచివే, కాకపోతే అవి ఎవరి టైములోంచి తీసుకుంటున్నామో చూసుకోవాలి.

నీకొక రాత్రి సంగతి చెబుతాను. నాకప్పుడు సర్వీసు ఐదేళ్లు. సర్జికల్ వార్డులో పదకొండో మంచం మీద డెబ్బై దాటిన రైతు. మూత్రం ఆగిపోతే పైపు వేసి ఉంచారు. పగలంతా నెమ్మదిగా ఉన్న మనిషి రాత్రి పదకొండు దాటాక లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. దుప్పటి లాగేస్తున్నాడు, చేతి సూది పీకబోతున్నాడు. 'మడవ తియ్యండ్రా, మడవ కట్టేశారు, నీళ్లు ఎగదన్నుతున్నాయి' అని ఒకటే కేకలు. పక్క మంచాలవాళ్లు లేచారు. గాలి సోకిందేమో అని కొడుకు తాయెత్తు కట్టించుకు రావడానికి బయల్దేరాడు. మా సీనియర్ 'చేతులు కట్టెయ్, డ్యూటీ డాక్టర్ని మత్తు ఇంజక్షన్ రాయమందాం' అంది. నేను బ్యాండేజీ చుట్ట తీసుకుని వెళ్లాను. దయతో వెళ్లలేదమ్మాయ్, అది గుర్తుంచుకో. కట్టెయ్యడానికే వెళ్లాను.

చెయ్యి కట్టడానికి మంచం పక్కన వంగితే మూత్రం సంచి కంటపడింది. సాయంత్రం ఎనిమిదింటికి ఛార్జి తీసుకున్నప్పుడు ఏ గీత దగ్గరుందో ఆ గీత దగ్గరే ఉంది. దుప్పటి ఎత్తాను. పైపు తొడ కింద పడి మడతపెట్టుకుపోయింది. పొట్ట కింద చెయ్యి పెడితే కొబ్బరికాయలా గట్టిగా ఉంది. పైపు సరిచేశానో లేదో ధార మొదలైంది. ఎనిమిది వందల మిల్లీలీటర్ల దాకా వచ్చింది. ఆయన వెనక్కి వాలి 'హమ్మయ్య, తీశారు' అని కళ్లు మూసుకున్నాడు. కొడుకు తాయెత్తుతో వచ్చేసరికి గురక.

ఆయన మొదట్నుంచీ నిజమే చెబుతున్నాడు, తన భాషలో. పొలానికి నీళ్లు వదిలే మడవ గురించి నాకూ తెలుసు, మా ఇంట్లోనూ వ్యవసాయమే. అయినా మందులు, సూదులు, కేస్ షీట్ల మధ్య అది చెవికెక్కలేదు. ఆ తర్వాత నుంచి రోగి గొడవ చేస్తే కోపం వచ్చే ముందు నాలుగు చూసేదాన్ని: ఊపిరి ఎలా ఉంది, షుగర్ ఎంత, మూత్రం వస్తోందా, నొప్పి ఎక్కడైనా ఉందా. ఆ నాలుగూ చూశాక కోపం తెచ్చుకుందామంటే సాధారణంగా మిగిలేది కాదు.

నలభై మందికి టైమెక్కడిదంటావు. ఛార్జి తీసుకున్నాక మొదటి మంచం నుంచి చివరి మంచం దాకా ఒక్కసారి నడువు. మొహం చూడు, సూది ఉన్న చెయ్యి చూడు వాపు వచ్చిందేమో, సంచి చూడు. మంచానికి పది సెకన్లు. మొత్తం కలిపి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలు రాత్రంతా నీకు కలిసొస్తాయి.

పేరుతో పిలవడం మర్యాద కోసమే అనుకోకు. మందు ఇచ్చే ముందు 'మీరు సుబ్బారావు గారేనా' అంటే చెవి వినపడని ప్రతి తాతా తలూపుతాడు. 'మీ పేరేంటి తాతా' అని అడిగి వాళ్ల నోటితో చెప్పించుకో. ఒకరి సూది ఇంకొకరికి పడకుండా ఉండేది అందువల్లే.

ఇక ఆ తాత. పోయాక కళ్లు మూసి, గొట్టాలు తీసి, మొహం తుడిచి, కాళ్లు చేతులు సర్దింది నువ్వే కదా. మా ఇన్‌ఛార్జి సిస్టర్ ఒకావిడ శవంతో కూడా మాట్లాడేది. 'పెద్దాయనా, సూది తీస్తున్నాను, కాస్త చురుక్కుమంటుంది' అనేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. మూడేళ్లు తిరిగేసరికి నాకూ ఆ అలవాటే వచ్చింది. నువ్వు కూడా ఏదో ఒకటి అనే ఉంటావు, గుర్తు తెచ్చుకో. నిద్ర ఇంకా పట్టకపోతే మీ ట్యూటర్‌కి చెప్పు, దాచుకోకు.

ప్రశ్న: మా తమ్ముడికి డెంగీ వస్తే ఆసుపత్రిలో చేర్పించాం. సెలైన్ మెల్లగా ఎక్కుతోందని చక్రం కాస్త తిప్పాను. నర్సు వచ్చి వార్డంతా వినేలా 'చదువుకున్నవాళ్లేనా మీరు' అని అరిచింది. నేను టీచర్ని. ఇదేనా సేవ?
— ఒక అన్న, కర్నూలు

జవాబు: మాస్టారూ, ఆ మాట అనడం తప్పు. పదిమందిలో అనడం ఇంకా తప్పు. కానీ అరవడానికి కారణం మాత్రం తప్పు కాదు.

మామూలు సెట్టుతో అర లీటరు బాటిల్ నాలుగ్గంటల్లో పోవాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. మేం వాచీ పట్టుకుని చుక్కలు లెక్కపెట్టి ఆ చక్రాన్ని ఒకచోట నిలబెడతాం. మీకది మెల్లగా కనిపిస్తుంది. డెంగీలో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది. ఎక్కువ ఎక్కిస్తే అది ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరి ఆయాసం వస్తుంది. తక్కువైతే బి.పి. పడిపోతుంది. అందుకే గంట గంటకీ చూసి మారుస్తారు. చక్రం తిప్పిన చెయ్యి మీది. ఆయాసం వస్తే తమ్ముడిది.

నేనూ అరిచాను మాస్టారూ, చాలాసార్లు. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. ఆ కాగితం చూపిస్తే మా అమ్మాయిలు నవ్వుతారు. పై ఉత్తరంలో నలభై మందికి ఇద్దరున్నారని చదివారు కదా. అలాగని అరుపుకి అది సమాధానం కాదు. మీకు బాధ కలిగితే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాసివ్వండి, చక్రం తిప్పిన సంగతి కూడా దాచకుండా రాయండి. ఈసారి సెలైన్ మెల్లగా వెళ్తోందనిపిస్తే 'సిస్టర్, ఇది ఎన్నింటికి అయిపోవాలి?' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి చాలామంది నర్సులు ఆగి జవాబు చెబుతారు. చెప్పనివాళ్లు చక్రం తిప్పినా తిప్పకపోయినా అరిచే రకం.

ప్రశ్న: ఆంటీ, అమ్మ భీమవరంలో ఆసుపత్రిలో ఉంది. నేను అమెరికాలో. ఫోన్ చేసి 'ఎలా ఉంది' అంటే అందరూ 'బాగానే ఉంది' అంటారు. అసలు సంగతి ఎలా తెలుసుకోవాలి?
— ఒక కొడుకు, డాలస్

జవాబు: 'ఎలా ఉంది' అని అడిగితే 'బాగానే ఉంది' తప్ప ఇంకేం వస్తుంది బాబూ. రాత్రి ఎన్నిసార్లు లేచింది? పొద్దుట్నుంచి మూత్రం ఎన్నిసార్లు పోసింది? ఇడ్లీ ఎన్ని తింది? బాత్రూమ్ దాకా నడిచిందా, పట్టుకుంటే నడిచిందా? ఇలా అడుగు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకో. వార్డుకి ఫోన్ చేస్తే పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది ప్రాంతాల్లో చెయ్యకు. అప్పుడు మాకు ఛార్జి మారుతుంది, ఎవరూ నిదానంగా మాట్లాడరు.

ఇంకొకటి. కళ్లజోడు, పళ్లసెట్టు, చెవి మిషన్ ఆసుపత్రికి తెచ్చారో లేదో కనుక్కో. పోతాయని ఇంట్లో బీరువాలో పెట్టి వస్తారు మనవాళ్లు. కనపడక, వినపడక, నమలలేక మనిషి అయోమయంలో పడితే 'మతిమరుపు వచ్చింది' అని నీకు ఫోన్ చేస్తారు.

ప్రశ్న: నర్సుని సిస్టర్ అని ఎందుకు పిలుస్తారు?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఐరోపాలో ఒకప్పుడు ఆసుపత్రుల్లో సేవ చేసింది ఎక్కువగా క్రైస్తవ సన్యాసినులు. వాళ్లని సిస్టర్ అనేవారు. తర్వాత బ్రిటన్‌లో వార్డు బాధ్యత చూసే నర్సుకి అదే హోదా పేరైంది. ఇంగ్లీషువాళ్లతో, మిషన్ ఆసుపత్రులతో మన దాకా వచ్చింది. మీ ఊళ్లోనే కుగ్లర్ ఆసుపత్రి చూసే ఉంటావు. ఆనా కుగ్లర్ అనే అమెరికన్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచింది. పిలుపు చివర 'అమ్మ' చేర్చి 'సిస్టరమ్మా' అన్నది మాత్రం మనవాళ్లే. చెల్లీ అమ్మా రెండూ ఒకేసారి ఇంకెవరికి దక్కుతాయి!

ప్రశ్న: మా వాడు బి.ఎస్సీ. నర్సింగ్ చేరతానంటున్నాడు. మగపిల్లాడికి ఆ పనేంటని బంధువులు నవ్వుతున్నారు.
— ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: చేర్పించండి. నాలుగేళ్ల చదువు, తర్వాత రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. మగ రోగులు మా దగ్గర చెప్పుకోలేని బాధలు ఎన్నో ఉంటాయి. మా వార్డుకి ఒక కుర్రాడు వచ్చిన కొత్తల్లో, గడ్డం మాసి గోడవైపు తిరిగి పడుకున్న ఒకాయనకి అద్దం పట్టుకుని గడ్డం గీశాడు. ఆయన ఆ పూట లేచి కూర్చుని కాఫీ అడిగాడు. మేం ఆరుగురం ఆడవాళ్లం వారం రోజులుగా ఆ గడ్డాన్ని చూస్తున్నాం, మాకు తట్టలేదు. నవ్వే బంధువులకి రేపు పైపు వెయ్యాల్సి వస్తే వాళ్లే 'బ్రదర్ ఉన్నాడా' అని అడుగుతారు.

ప్రశ్న: నా భార్య స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ నుంచి వచ్చాక నాతో ఒక్క మాట మాట్లాడదు. రోగులతో అంత ఓపిగ్గా ఉంటుందట, ఇంట్లో ఎందుకిలా?
— ఒక భర్త, విజయవాడ

జవాబు: రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా పన్నెండు గంటలు మాట్లాడి వచ్చింది బాబూ. ఉన్న మాటలు అక్కడ అయిపోయాయి.

గుమ్మంలోకి రాగానే 'ఏమైంది' అని అడగవద్దు. చెప్పులు విడిచేటప్పుడు ఆవిడ పాదాలు చూడండి, చెప్పు పట్టీ గుర్తు ఎంత లోతుగా పడిందో. లోతుగా ఉంటే ఆ రాత్రి కూర్చోలేదన్నమాట. బకెట్లో వేణ్ణీళ్లు పెట్టండి. తినడానికి ఏదైనా వేడిగా ఉంచండి, తినమని బలవంతం చెయ్యకండి. గది కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. పాలవాడు, కొరియరు, పక్కింటి పిన్నిగారు ఎవరొచ్చినా బెల్లు కొట్టకుండా మీరే వరండాలో కూర్చోండి. పప్పు ముందే ఉడికించి పెట్టుకోండి, పన్నెండింటికి కుక్కర్ విజిల్ వేస్తే మానిటర్ మోగిందనుకుని ఉలిక్కిపడి లేస్తుంది. మా ఆయన ఆ సంగతి కనిపెట్టడానికి పదకొండేళ్లు పట్టింది.